గొంతు వెనక నిలబడ్డవాళ్లు: షారన్ జోన్స్, డ్యాప్-కింగ్స్ కథ

1996లో న్యూయార్క్‌లో ఒక చిన్న రికార్డింగ్ జరిగింది. పాడేది లీ ఫీల్డ్స్ అనే గాయకుడు. ఆయన వెనక వంత పాడడానికి ముగ్గురు ఆడవాళ్లు కావాలన్నారు. ఒక్కరే వచ్చారు. వచ్చినావిడ ముగ్గురి భాగాలూ తానే ఒకదాని తర్వాత ఒకటి పాడి, పని ముగించింది. ఆమె పేరు షారన్ జోన్స్. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు. సొంత పేరు మీద ఒక్క రికార్డు కూడా లేదు.

అక్కడ వాయిస్తున్నవాళ్లలో ఎక్కువ మంది ఆమెకన్నా బాగా చిన్నవాళ్లు. ఆ రోజు మొదలైన జత ఇరవై ఏళ్లు, ఆమె చనిపోయే రోజు దాకా నడిచింది. ఈ సంచికలో మన డోలు గురించి, మన రేల పాటల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఎక్కడో ఉన్న ఈ బృందం గురించి రాద్దామనుకున్నాను. పాడే మనిషికీ వెనక వాయించే మనుషులకూ మధ్య ఉండే లెక్క మనకూ ముఖ్యమే. పైగా ఆ బృందంలో మనలాంటి ఆదివాసీ ఒకరు ఉన్నారు. ఆయన సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆమె పాడిన సంగీతం ఏమిటో చెప్పాలి. దాన్ని 'సోల్' అంటారు. సోల్ అంటే ఆత్మ. అమెరికాలో నల్లజాతివారు చర్చిలో పాడుకునే గాస్పెల్ పాటల పద్ధతిని తీసుకొచ్చి ప్రేమ, బాధ, కోపం లాంటి లోకపు విషయాలకు పెడితే పుట్టినది సోల్. 1950, 60లలో అది బాగా పెరిగింది. చర్చిలో ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ముందున్న మనిషి ఒక మాట పెంచితే వెనకున్నవాళ్లు కూడా పెంచుతారు. రేల పాట తెలిసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మా హాస్టల్లో సాయంత్రం ఒక పిల్ల ఎత్తుకుంటే వరండా అంతా అందుకుంటుంది కదా, అలాంటిదే.

షారన్ 1956 మే 4న జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో పుట్టింది. జేమ్స్ బ్రౌన్ పెరిగిన ఊరు అది. ఫంక్ అనే దరువుకు ఆద్యుడు ఆయనే. తాళంలో మొదటి దెబ్బ మీద బరువంతా వేసి, మిగతా వాద్యాలన్నిటినీ ఆ దెబ్బ చుట్టూ తిప్పే పద్ధతి అది. చిన్నప్పుడు ఆయన్ని అనుకరిస్తూ ఆడేదాన్నని షారన్ చెప్పుకునేది. తర్వాత తల్లి పిల్లల్ని తీసుకుని న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌కు వచ్చేసింది. అది వాళ్ల ఒక్క ఇంటి కథ కాదు. 1910 నుంచి 1970 మధ్య సుమారు అరవై లక్షల మంది నల్లజాతివారు దక్షిణాది రాష్ట్రాలు వదిలి ఉత్తరాదికి, పడమటి దిక్కుకు వెళ్లిపోయారు. పొలాల్లో బతుకు లేక కొందరు, తెల్లవారి దౌర్జన్యం భరించలేక కొందరు. వెళ్లినవాళ్లు తమ పాటను కూడా తీసుకెళ్లారు. ముంపులో ఊళ్లు పోయి వేరేచోట కొత్త కాలనీల్లో ఉంటున్న మనవాళ్ల ఇళ్ల పిల్లలకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

బ్రూక్లిన్‌లో షారన్ చర్చిలో పాడింది, పెళ్లిళ్లలో పాడే బృందాల్లో పాడింది, ఇతరుల రికార్డులకు వంత పాడింది. తన పేరుతో ఒక రికార్డు రావాలని తిరిగింది. ఒక కంపెనీ మనిషి ఆమెను చూసి, నువ్వు మరీ నల్లగా ఉన్నావు, లావుగా ఉన్నావు, పొట్టిగా ఉన్నావు, వయసు కూడా దాటిపోయింది అన్నాడట. ఈ మాట ఆమె చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఒక్కసారి విన్న మాట ముప్పై ఏళ్లు గుర్తుండిపోతుంది. పెద్దవాళ్లమైన మనం పిల్లల రంగు గురించి నవ్వుతూ ఒక మాట అనేసే ముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఇల్లు గడవాలి కాబట్టి ఉద్యోగాలు చేసింది. న్యూయార్క్‌లో రైకర్స్ ఐలాండ్ అని పెద్ద జైలు ఉంది, అందులో కాపలా అధికారిణిగా పనిచేసింది. డబ్బు తరలించే వ్యాన్‌కు తుపాకీతో కాపలా కాసింది. జైల్లో ఖైదీలు ఆమెను పాడమని అడిగేవారట. ఆదివారం చర్చిలో పాట, మిగతా రోజులు యూనిఫాం. గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ గొంతుకు తగ్గ మేళం దొరకలేదు, అంతే.

ఇక మేళం సంగతి. వీళ్లు ఒక ఊరివాళ్లు కాదు, ఒక జాతివాళ్లు కాదు, ఒకే సంగీతం నేర్చుకున్నవాళ్లు కూడా కాదు.

బృందానికి పెద్ద గేబ్రియల్ రాత్. కాలిఫోర్నియాలో పెరిగిన తెల్ల కుర్రాడు. న్యూయార్క్‌కు చదువుకోవడానికి వచ్చి, రికార్డింగ్ పని నేర్చుకుని, పాత ఫంక్ రికార్డుల పిచ్చిలో పడ్డాడు. వేదిక మీద బేస్ గిటార్ వాయించేవాడు, బాస్కో మాన్ అనే పేరుతో పాటలు రాసేవాడు, స్టూడియోలో శబ్దం మొత్తం అతని చేతిలోనే ఉండేది. శాక్సోఫోన్ వాయించే నీల్ షుగర్‌మన్ జాజ్ నుంచి వచ్చినవాడు. షుగర్‌మన్ త్రీ అనే తన సొంత బృందంతో 1960ల నాటి పద్ధతిలో ఆర్గాన్, శాక్సోఫోన్ కలిపి వాయించేవాడు. ట్రంపెట్ వాయించే డేవ్ గై కూడా జాజ్ దారిలోనే వచ్చాడు. తర్వాత ది రూట్స్ అనే పేరున్న బృందంలో చేరాడు.

డ్రమ్స్ వాయించే హోమర్ స్టైన్‌వైస్ కథ మీకు నచ్చుతుంది. హైస్కూల్లో చదువుకునే రోజుల్లోనే ది మైటీ ఇంపీరియల్స్ అనే కుర్రాళ్ల బృందంలో వాయించాడు. మీ వయసే. అందరికన్నా చిన్నవాడు, అందరూ ఆధారపడే దరువు మాత్రం అతనిదే. అతని డ్రమ్స్ వింటే ఆర్భాటం ఏమీ ఉండదు. వేయాల్సిన దెబ్బ వేసి ఊరుకుంటాడు. మన డోలు వాయించే పెద్దవాళ్లు కుర్రాళ్లకు చెప్పే మొదటి మాట కూడా అదే కదా, ఎక్కువ కొట్టకురా అని.

గిటార్ వాయించే టామ్ బ్రెన్నెక్ స్టాటెన్ ఐలాండ్‌లో పుట్టిన బూడోస్ బ్యాండ్‌లోనూ ఉన్నాడు. ఆ బృందంలో ఆఫ్రికా దరువులు ఎక్కువ. బింకీ గ్రిప్‌టైట్ గిటార్ వాయిస్తూనే వేదిక మీద వ్యాఖ్యాత. షారన్ రాకముందు జనాన్ని వేడెక్కించి, ఆమె పేరు పిలిచి, వేదిక మీదికి తీసుకొచ్చేది అతనే. కాంగా, బాంగో డోళ్లు వాయించేది ఫెర్నాండో వెలెజ్. ఆ డోళ్లు క్యూబా, ప్యూర్టో రికో ప్రజలతో న్యూయార్క్‌కు వచ్చాయి. రాత్‌తో పాటు బృందంలో కొందరు యాంటీబాలాస్ అనే మేళంలో కూడా వాయించారు. అది నైజీరియా కళాకారుడు ఫెలా కుటీ దారిలో నడిచే పెద్ద మేళం. వంత పాడే స్టార్ డంకన్ లోవ్, సాండ్రా విలియమ్స్ షారన్‌తో కలిసి పెళ్లిళ్లలో పాడిన స్నేహితురాళ్లు. పేరు వచ్చాక ఆమె వాళ్లను తన పక్కకు తెచ్చుకుంది. వాళ్లను డ్యాపెట్స్ అనేవారు.

ఇంతమందీ ఇన్ని దారుల్లో వచ్చి ఒకే దరువు మీద ఎలా నిలబడ్డారు? దానికి జవాబు పని పద్ధతిలో ఉంది. 1990ల చివర కంప్యూటర్ మీద ఒక్కో వాద్యాన్ని విడివిడిగా రికార్డు చేసి అతికించే పద్ధతి బాగా పెరుగుతోంది. వీళ్లు పాత పద్ధతికే కట్టుబడ్డారు. ఎనిమిది ట్రాకుల టేపు మీద, తక్కువ మైకులతో, అందరూ ఒకే గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించేవారు. ఒకడు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. అందుకని పక్కవాడి చెయ్యి వినడం నేర్చుకోక తప్పదు.

పాతదనం మీద ప్రేమ కొన్నిసార్లు వాళ్లను పక్కదారి కూడా పట్టించింది. మొదట్లో రాత్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫిలిప్ లేమన్ కలిసి డెస్కో అనే చిన్న రికార్డు కంపెనీ నడిపారు. తమ కొత్త రికార్డులను 1970లలో వచ్చిన పాత రికార్డులని జనం అనుకునేలా చేసేవారు. లేని కుంగ్-ఫూ సినిమా ఒకటి కల్పించి, దానికి సంగీతమంటూ ఒక ఆల్బమ్ కూడా వేశారు. కుర్రతనపు సరదా అని నవ్వుకోవచ్చు. నాకైతే అంత నచ్చలేదు. నల్లజాతి కళాకారులు కష్టపడి కట్టిన కాలాన్ని వేషంగా వేసుకుంటే, ఆ కాలం ఎవరిదన్న ప్రశ్న మాసిపోతుంది. షారన్ వచ్చి ముందు నిలబడ్డాక ఆ వేషం అవసరం పోయింది. ఆమె పాతకాలాన్ని అనుకరించడం లేదు. ఆ సంగీతం ఆమె చిన్నతనం, ఆమె చర్చి, ఆమె ఊరు. వెనకున్న కుర్రాళ్లు రికార్డుల్లో విని నేర్చుకున్నది ఆమె బతికి నేర్చుకుంది.

డెస్కో మూతపడింది. 2001లో రాత్, షుగర్‌మన్ కలిసి డ్యాప్‌టోన్ అనే కంపెనీ పెట్టారు. 2002లో షారన్ జోన్స్, డ్యాప్-కింగ్స్ మొదటి ఆల్బమ్ వచ్చింది. ఆమెకు అప్పుడు నలభై ఆరేళ్లు. బ్రూక్లిన్‌లోని బుష్‌విక్ అనే పేదల పేటలో ఒక పాత ఇల్లు తీసుకుని బృందమంతా కలిసి దాన్ని స్టూడియోగా మార్చారు. గోడలు కట్టడం దగ్గర్నుంచి అన్నీ వాళ్లే. కరెంటు సాకెట్ల వైరింగ్ పనిలో షారన్ కూడా చెయ్యి వేసింది. ఆ ఇంటికి హౌస్ ఆఫ్ సోల్ అని పేరు. డ్యాప్‌టోన్ నుంచే చార్ల్స్ బ్రాడ్లీ అనే ఇంకో గాయకుడి మొదటి ఆల్బమ్ 2011లో వచ్చింది. ఆయన అంతకుముందు వంటమనిషిగా పనిచేసి, రాత్రుళ్లు జేమ్స్ బ్రౌన్ వేషం కట్టి పాడినవాడు. ఆల్బమ్ వచ్చేనాటికి అరవై దాటాయి.

ఇప్పుడు కాస్త చేదు సంగతి. 2006లో ఇంగ్లండ్ గాయని ఏమీ వైన్‌హౌస్ 'బ్యాక్ టు బ్లాక్' ఆల్బమ్ వచ్చింది. అందులో మార్క్ రాన్సన్ నిర్మించిన పాటలకు వాయించింది డ్యాప్-కింగ్సే. ఆ శబ్దం కావాలనే అతను వీళ్ల దగ్గరికి వచ్చాడు. ఆ ఆల్బమ్ ప్రపంచమంతా కోటికి పైగా అమ్ముడుపోయింది. 2008లో ఏమీకి ఐదు గ్రామీలు వచ్చాయి. 2007లో ఆమె అమెరికాలో పాడుతూ తిరిగినప్పుడు వెనక నిలబడింది కూడా వీళ్లే. పదేళ్లుగా షారన్ వెనక తయారైన దరువు ఇంకొకరి గొంతు కింద లోకానికి తెలిసింది. ఏమీ గొప్ప గాయని, అందులో సందేహం లేదు. ఆమె దొంగిలించిందని కూడా నేను అనను, వాయించినవాళ్లకు డబ్బు అందింది, పేర్లు పడ్డాయి. కానీ ఇరవై మూడేళ్ల తెల్ల పిల్లకు తెరుచుకున్న తలుపు యాభై ఏళ్ల నల్ల స్త్రీకి అంత త్వరగా ఎందుకు తెరుచుకోలేదన్న ప్రశ్నను పక్కన పెట్టలేం. ఆ గాలి వల్ల షారన్‌కు కూడా కొంత మేలు జరిగింది. 2007లో వచ్చిన ఆమె ఆల్బమ్ 'హండ్రెడ్ డేస్, హండ్రెడ్ నైట్స్' అంతకుముందు వాటికన్నా ఎక్కువ మందికి చేరింది.

ఇక్కడ డ్యాప్-కింగ్స్‌కు కనీసం పేర్లు పడ్డాయన్నాను. వాళ్లకు ముందు తరం వాద్యగాళ్లకు అదీ లేదు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటల్లో చాలావాటికి వాయించిన బృందాన్ని ఫంక్ బ్రదర్స్ అంటారు. 1960లలో లోకమంతా పాడుకున్న పాటలు అవి. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా ఆల్బమ్ అట్ట మీద వాళ్ల పేర్లు వేయలేదు. పదేళ్లకు పైగా వాయించి పేరు లేకుండా ఉన్నారు.

మన దగ్గర చూడండి. ఒక రేల పాట వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతారు. పాడినమ్మాయి పేరు ఉంటుంది, కెమెరామన్ పేరు ఉంటుంది, ఎడిటింగ్ చేసిన కుర్రాడి పేరు, ఫోన్ నంబరు కూడా ఉంటాయి. డోలు వాయించిన తాత పేరు ఉండదు. వంత పాడిన ఆడవాళ్లు 'గ్రామస్థులు' అయిపోతారు. మన బాణీ తీసుకెళ్లి సినిమాలో వాడుకున్నప్పుడు మనకు కోపం వస్తుంది, రావాలి కూడా. మరి మన వీడియోల్లో మనమే పేర్లు వదిలేస్తే? సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా పొంగిపోయాం. డోలు వాయిస్తూ సమ్మక్క-సారలమ్మల చరిత్ర పాడిన మనిషి ఆయన. వాయించేవాడు కూడా చరిత్ర మోసేవాడేనని దేశం ఒప్పుకున్న రోజు అది. ఆయన 2024లో వెళ్లిపోయారు. మీ గూడెంలో డోలు పట్టే పెద్దలు ఎంతమంది మిగిలారో, వాళ్ల పేర్లేమిటో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒక నోట్‌బుక్‌లో రాయడానికి ఒక ఆదివారం చాలు.

మొదట్లో చెప్పిన ఆదివాసీ సంగతికి వస్తాను. ఆయన పేరు కోచెమియా గాస్టెలమ్. డ్యాప్-కింగ్స్‌లో శాక్సోఫోన్ వాయించాడు. కాలిఫోర్నియాలో పెరిగాడు. ఆయన పూర్వీకులు యాకీ, అపాచీ తెగలవారు. యాకీలు మెక్సికోలోని సొనోరాలోనూ అమెరికాలోని అరిజోనాలోనూ ఉన్నారు. వాళ్లకు జింక నృత్యం ఉంది. ఆడేవాడు తల మీద జింక తల పెట్టుకుంటాడు, చేతుల్లో బుర్రకాయల గిలకలు, కాళ్లకు పట్టుగూళ్ల గజ్జెలు. పాడేవాళ్లు గీతలు చెక్కిన కర్రను రుద్దుతూ, నీళ్లలో బోర్లించిన సొరబుర్రను వాయిస్తూ పాడతారు. కొమ్ము కోయ ఆట చూసిన కళ్లకు ఇది వేరే దేశంలా కనబడదు.

ఏళ్ల తరబడి ఇతరుల వెనక వాయించిన కోచెమియా 2019లో డ్యాప్‌టోన్ నుంచే 'ఆల్ మై రిలేషన్స్' అనే ఆల్బమ్ తెచ్చాడు. నా బంధువులంతా అని అర్థం. మనుషులే కాదు, చెట్టూ పిట్టా కూడా చుట్టాలేననే ఆదివాసీ మాట అది. డోళ్లు, గిలకలు, గొంతులు, వాటి మధ్య శాక్సోఫోన్. 2021లో వచ్చిన రెండో భాగం పేరు 'బాకా సేవా'. స్పెయిన్‌వాళ్లు వచ్చి పేర్లు మార్చేయకముందు వాళ్ల వంశానికి ఉన్న అసలు ఇంటిపేరు అది. రిజిస్టర్‌లో పేరు రాసేటప్పుడు మన పిల్లల ఇంటిపేర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు తిప్పి రాయడం నేను వార్డెన్‌గా ఎన్నోసార్లు చూశాను. పోయిన ఇంటిపేరును ఒక మనిషి ఆల్బమ్ అట్ట మీద మళ్లీ రాసుకున్నాడని చదివినప్పుడు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

షారన్‌కు 2013లో క్యాన్సర్ బయటపడింది. విడుదలకు సిద్ధంగా ఉన్న ఆల్బమ్ ఆగిపోయింది. ఆ కాలాన్ని బార్బరా కోపుల్ అనే దర్శకురాలు 'మిస్ షారన్ జోన్స్!' అనే డాక్యుమెంటరీగా తీసింది. అందులో నాకు బాగా గుర్తుండిపోయినవి చికిత్స దృశ్యాలు కాదు. గాయని మంచాన పడితే కచేరీలు లేవు, కచేరీలు లేకపోతే వాయించేవాళ్లకు జీతాల్లేవు. వాళ్లకూ ఇళ్లున్నాయి, అద్దెలున్నాయి. వాళ్లు ఎదురుచూశారు. నా మీద ఇంతమంది బతుకుతున్నారన్న దిగులు ఆమెది. ముందు నిలబడ్డ మనిషికి చప్పట్లే కాదు, ఆ బరువూ ఉంటుంది.

2014 జనవరిలో ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత నెలలో ఆమె మళ్లీ వేదికెక్కింది. మందులకు జుట్టంతా రాలిపోయింది, విగ్గు పెట్టుకోలేదు. గుండుతోనే పాడింది, ఎప్పట్లాగే చెప్పులు విసిరేసి ఆడింది. ఆ ఆల్బమ్‌కు గ్రామీ నామినేషన్ వచ్చింది, అవార్డు రాలేదు. జబ్బు తిరగబెట్టినా 2016లో కూడా పాడుతూనే తిరిగింది. ఆ ఏడాది నవంబర్ 18న, అరవై ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఆమె చివరి ఆల్బమ్ 'సోల్ ఆఫ్ ఎ వుమన్' దాదాపు ఏడాదికి, 2017 నవంబర్ 17న విడుదలైంది. ఒక వైపు ఆడించే పాటలు, రెండో వైపు నెమ్మదిగా సాగే పాటలు. ఆఖరి పాట పేరు 'కాల్ ఆన్ గాడ్'. దాన్ని ఆమె వయసులో ఉన్నప్పుడు, 1970లలో, తన చర్చి బృందం కోసం రాసుకుంది. గొంతు ముందే టేపు మీద ఉంది, వెనక వంత మాత్రం లేదు. ఆమె పోయాక ఆ పాత చర్చి బృందంలోని గాయకులే స్టూడియోకు వచ్చారు. నలభై ఏళ్ల కిందట ఆమె పక్కన నిలబడి పాడినవాళ్లు, వయసు మళ్లిన గొంతులతో, టేపులోంచి వస్తున్న ఆమె గొంతు వింటూ వంత పాడారు. ఆల్బమ్ ఆ పాటతో అయిపోతుంది.